పెద్దబాపు సమానత్వం

ఖానాపూర్ దగ్గరి మా ఊరికి మా నాన్న వాళ్ల అన్న, మా పెద్దబాపు, సర్పంచ్. ఆడా మగా సమానమని ఆయనంత గట్టిగా నమ్మిన మనిషిని నేను చూడలేదు. మొగుడు కొట్టాడని ఎవరైనా పంచాయతీకి వస్తే, భుజమ్మీది తువ్వాలతో ముఖం తుడుచుకొని "ఇద్దరు సమానమే" అనేవాడు. కొట్టినందుకు మొగుడికి, వాడికి కోపం తెప్పించినందుకు పెళ్లానికి, సమానంగా దండుగ వేసేవాడు. ఆ పైసలతో అక్కడికక్కడే కల్లు తెప్పించి పెద్దమనుషులంతా తాగేవారు. న్యాయం గెలిచిన సంతోషంలో కొట్టినవాడికీ పోసేవారు. వాడు అదే ఊపులో ఇంటికి పోయి మళ్లీ కొట్టేవాడు.

ఒకసారి బీడీలు చుట్టే ఒకామె కమిలిన చెంపతో వచ్చింది. మొగుడి దండుగ, తన దండుగ రెండూ తానే కట్టింది. కల్లు రాగానే వచ్చి అరుగు మీద పెద్దబాపు పక్కనే కూర్చుంది.

"గిదేంది, లే!" అన్నాడాయన.

"ఇద్దరు సమానమంటివి గద పటేలా! పైసలు గూడ నావే. నాకో గిలాస ఇయ్యి."

ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ తాగనూ లేదు. పెద్దబాపు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఆడవాళ్లకు దండుగ వేయడం మానేశాడు. మా ఊళ్లో సమానత్వం లేకుండా పోయిందని మాత్రం చివరిదాకా బాధపడ్డాడు.