చీపురుకు కట్టిన కర్ర

మా యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో గదులూ వరండా ఊడ్చే అక్క, ఒక్కో గది ఊడ్చాక గుమ్మానికి వీపు ఆనించి నిలబడేది. నడుము సర్దుకునేదాకా ఎవరు పిలిచినా పలికేది కాదు. బౌద్ధనగర్ నుంచి నడిచొచ్చేది.

నేనప్పుడు అక్కడ పరిశోధన చేస్తుండేవాణ్ణి. రోజంతా కూర్చుని నడుము పట్టేస్తే తార్నాకలో డాక్టరు, నడుముకు ఆనిక ఉన్న కుర్చీ ఇప్పించమని చీటీ రాసిచ్చాడు. వారంలో నాకు కొత్త కుర్చీ వచ్చింది. అక్క దాన్ని చేత్తో నొక్కి చూసి, "నా నడుముకు గూడ చీటీ రాస్తరా సార్?" అని అడిగింది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు ఆమె తన పొట్టి చీపురుకు పొడవాటి వెదురు కర్రను చీరపేలికతో కట్టుకొచ్చి, నిటారుగా నిలబడి ఊడ్చింది. ఊడ్చేవాళ్ళ మీది సూపర్‌వైజర్ ఆ కర్ర తీయించాడు.

"నిలవడి ఊడిస్తే పని చేస్తున్నట్టు కనవడదు," అన్నాడు.

ఆ మర్నాడూ కట్టుకొచ్చింది. మళ్ళీ తీయించాడు. మూడో రోజు కర్ర తనే విప్పి కింద పెట్టి, పొట్టి చీపురు ఆయన ముందుకు చాచింది.

"గా వరండ చివరిదాంక మీరు వంగి ఊడ్చి చూపియ్యుండ్రి సార్. ఊడ్చినంక గూడ కట్టె వద్దంటే తీస్తా."

ఆయన చీపురు అందుకోలేదు. నేను గదిలో కుర్చీలోంచి లేచి గుమ్మం దాకా వచ్చి ఆగాను. ఆమె కర్ర మళ్ళీ కట్టి, పేలికను పళ్ళతో బిగించి, ఆయన నిలబడ్డ చోటిదాకా ఊడ్చుకుంటూ వచ్చింది.

"జరుగుండ్రి సార్," అంది.

జరిగాడు.