మార్పిడి వంకాయలు

ఆ రోజుల్లో నాకు అరవై దాటి ఒకటో రెండో. అంటే కుర్రతనమే. నవ్వకండి, ఇప్పుడు నేనున్న వయసులోంచి వెనక్కి చూస్తే అది ఉరకలు వేసే ఈడే. గరివిడి ఫ్యాక్టరీలో పని మానేసి, శ్రీకాకుళంలో చిన్న ఇల్లు, దాని వెనక పెరడు అమర్చుకుని, ఇక దేశాన్ని బాగుచేయడం ఒక్కటే మిగిలిందనుకుంటున్న కాలం. నేను బడిలో చదివింది ఎనిమిదో తరగతి. మిగతా చదువంతా పేపర్ల దగ్గరే. బజ్జీల పొట్లం తెచ్చినా ముందు కాగితం చదివి, ఆ తర్వాతే బజ్జీ తినేవాణ్ణి. అలాంటివాడి చేతికి జన్యుమార్పిడి వంకాయ గొడవ దొరికింది. పురుగు కొరికితే పురుగే చచ్చే వంకాయట! మరి మనిషి కొరికితే? అడిగే మగాడు లేడా ఈ దేశంలో? నేనున్నాను. (నన్నెవరూ అడగమనలేదు, అది వేరే సంగతి.)

నిజం చెప్పాలంటే నా ఆవేశంలో సగమే వంకాయ మీద. మిగతా సగం అరసవల్లిలో ఉండే మా తోడల్లుడి మీద. మా ఆవిడ చెల్లెలి మొగుడు. కరెంటాఫీసులో పనిచేసినాయన, పొడుగరి, నెమ్మదస్తుడు. అత్తారింట్లో పెద్దల్లుణ్ణి నేనైనా చేపల పులుసు వడ్డించేటప్పుడు తలకాయ నాకూ, మంచి నడుం ముక్క ఆయనకూ పడేవి. ఆయన పెరట్లో పుల్ల గుచ్చినా చిగురు వేసేది. నా పెరట్లో చిగురు వేసినవి కూడా పుల్లలయ్యేవి. ఇలాంటి మనిషితో చుట్టరికం ఎంత కష్టమో పడ్డవాడికే తెలుస్తుంది.

ఆ ఆవేశంలోనే ఒకరోజు వంటింటి అలమర సోదా చేశాను. ఏదో మొక్కజొన్న కంపెనీవాళ్ల తళతళలాడే కవరు, దాని మీద హైబ్రిడ్ అని ఇంత లావు అక్షరాలు, లోపల విత్తనాలు. "ఏటే ఇది?" అన్నాను. "వంగ విత్తనాలండీ. కవరు కాళీగా ఉంటే అందులో ఏసినాను" అంది మా ఆవిడ. "కవరు మీద రాసింది కనబడనేదా? ఇదంతా జన్యువులు మార్చిన సరుకు!" (హైబ్రిడ్ వేరు, జన్యుమార్పిడి వేరు అని అప్పటికి నాకు తెలీదు. తెలీదన్న సంగతీ తెలీదు.) "అది కాదండీ, అవి మీ అమ్మ..." అని ఆవిడ మొదలుపెట్టగానే, "మద్దెలో మా అమ్మనెందుకు లాగుతావు?" అని అరిచాను. మా కాపురంలో ఆ మాట అలా మొదలైతే ఎక్కడికి పోయి తేలుతుందో నాకు తెలుసు మరి. సాయంత్రానికల్లా ఆ కవరు ఇంట్లో ఉండకూడదన్నాను. ఉండలేదు.

నేను మాత్రం ఎగ్జిబిషన్‌లో ఒక గెడ్డపాయన దగ్గర అసలు సిసలు దేశవాళీ వంగ విత్తనాలు కొన్నాను. ఆయన ఒక్కో గింజ మీదా ప్రమాణం చేశాడు. మొక్కలు నా మోకాలి దాకా వచ్చి అక్కడ ఆలోచనలో పడిపోయాయి. కాయలు నిమ్మకాయంత. కాయకో కన్నం. పురుగులకు మాత్రం నా సిద్ధాంతం బాగా నచ్చింది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ అరసవల్లి వెళ్లి, చెల్లెలింటి నుంచి సంచీడు వంకాయలు తెచ్చింది. ఊదారంగు మీద తెల్ల చారలు, తొడిమకి ముళ్లు, పట్టుకుంటే జారిపోయే నిగనిగ. ఉల్లికారం పెట్టి వండింది. ఒక ముద్ద తిని కళ్లు మూసుకుని, "మా మరిది సేతిలో ఏదో ఉన్నాదండీ" అంది. అన్నేళ్ల కాపురంలో నా చెయ్యి గురించి ఆవిడ ఆ మాట ఒక్కసారైనా అన్నది లేదు. నాకు ముద్ద దిగలేదు. (దిగింది, కానీ సంతోషంగా దిగలేదు.) కాయ ఒంటి మీద మచ్చ లేదు, పుచ్చు లేదు. ఇది మామూలు వంకాయ కాదు, ఖాయంగా జన్యుమార్పిడి సరుకే, రుజువు చేసి తీరతానని ఆదివారం ఆటో ఎక్కాను.

వెళ్లేసరికి దర్శనానికొచ్చిన చుట్టాలతో వాళ్ల వరండా నిండుగా ఉంది. పళ్లేల్లో వంకాయ బజ్జీలు. మరదల్ని పిలిచి, నలుగురికీ వినబడేలా అడిగాను. "దాయకుండా సెప్పమ్మా. ఈ వంగ విత్తనాలు మార్పిడివేనా?"

"మార్పిడివే బావా. దాయడానికేటున్నాది?"

"ఇన్నారా!" అని వరండా కేసి తిరిగాను. పురుగులు చచ్చే సంగతీ, ముందు ముందు మనకి పట్టబోయే గతీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఒక పెద్దావిడ కొరికిన బజ్జీ మెల్లగా పళ్లెంలో పెట్టేసింది. నా జన్మలో అంత గౌరవం ఎప్పుడూ చూడలేదు. తోడల్లుడు మాత్రం తాపీగా, "అన్నయ్యా, ఆ వంకాయని సర్కారు ఆపేసింది కదా. బజారుకే రానేదు. పేపరు అడుగుదాకా సదవనేదేటి?" అన్నాడు.

"మరి నీ పెళ్లామే ఒప్పుకుంది కదా!"

"ఒప్పుకోడమేటి బావా," అంది మరదలు. "అప్ప నాకు వంగ విత్తనాలిచ్చింది, నాను అప్పకి గోంగూర విత్తనాలిచ్చాను. మార్పిడి సేసుకున్నాం. ఇంట్లో ఉంచొద్దని నువ్వే అరిసేవట. మీ అమ్మ ఏటేటా కాయ పండబెట్టి దాసిన విత్తనమట. పారెయ్యడానికి అప్పకి సెయ్యి రానేదట."

పెద్దావిడ బజ్జీ మళ్లీ చేతిలోకి తీసుకుంది.

మనిషన్నవాడు అక్కడ సిగ్గుపడాలి. నేను పడలేదు. "అయితే ఇయ్యన్నీ మా వంకాయలే!" అన్నాను. వరండా గొల్లుమంది. "మీవే అన్నయ్యా, విత్తనం పట్టికెళ్లు" అన్నాడు తోడల్లుడు. మరదలు అడ్డుపడింది. "ఊరికే ఇచ్చేత్తావేటి? మార్పిడి కావాల. ఏటిస్తావు బావా?" జేబులోంచి గెడ్డపాయన పొట్లం తీశాను. "అమ్మో, అయ్యి మాకొద్దు. బోజనాలయ్యేదాకా విత్తనాల గురించి ఒక్క మాట మాటాడకు. అదే మార్పిడి" అంది. ఒప్పుకున్నాను. ఇన్నేళ్లలో అంత ఖరీదు పెట్టి నేను ఏ సరుకూ కొనలేదు.

మరుసటి పంటకి ఆ విత్తనాలు నా చేత్తో నాటాను. నీళ్లు నేనే పోశాను, పురుగు నేనే ఏరాను, మా ఆవిణ్ణి మడి దరిదాపులకి రానివ్వలేదు. కాయలు కాశాయి, అవే చారలు, అవే ముళ్లు. ఉల్లికారం పెట్టి వండింది. నేను కంచం ముట్టకుండా ఆవిడ మొహం కేసే చూస్తూ కూర్చున్నాను. ఒక ముద్ద తింది. కళ్లు మూసుకుంది. తల ఊపింది.

"అచ్చం అత్త వంకాయలేనండీ" అంది.

తోడల్లుడి పేరు రాలేదు, అంతవరకూ సంతోషం. నా పేరూ రాలేదు. అంతకు మూడేళ్ల ముందే కన్నుమూసిన మనిషి వచ్చి ఆ ఒక్క మాటా పట్టుకుపోయింది. ఆ పూట పీట మీద కూర్చున్న ఆ అరవయ్యేళ్ల కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. కన్నతల్లి మీద కుళ్లుకుంటూ, కూర మారు వడ్డించమని కంచం చాచాడు.