హారతి వేళ పగిలిన డై

పీణ్య పారిశ్రామికవాడలో ఉక్కును కాల్చడం, చల్లార్చడం, ఇదే నా బతుకైపోయింది. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి, విసుగూ వచ్చేసింది. అయినా ఆయుధ పూజ దగ్గర పడుతోందంటే చాలు, ఆ డై గుర్తొస్తుంది.

డై అంటే రేకును నొక్కి ఆకారం తెచ్చే ఉక్కు అచ్చు. అది పక్క షెడ్డు పెద్దాయనది. కదిరి వైపు మనిషి. నెల రోజులు ఒక్కడే కూర్చుని చేసుకున్నాడు. ఒక పెద్ద ఫ్యాక్టరీ వాళ్ల పరీక్షలో అది పాసైతే వాళ్ల పని ఆయనకు వస్తుంది, లేదంటే షెడ్డు మూసి మళ్లీ కూలికి పోవాలి. ఆ మాట చెప్పే, గట్టిపరచి ఇమ్మని నా చేతిలో పెట్టాడు.

ఉక్కును కాల్చి నూనెలో ముంచితే లోపల చాలావరకు గట్టి రూపానికి మారుతుంది. కొంత మాత్రం మొండికేసి మెత్తగానే ఉండిపోతుంది. దాన్నీ మార్చడానికే ద్రవ నత్రజని చలి. మారేటప్పుడు అది కాస్త ఉబ్బుతుంది, చోటు చాలక లోపలంతా బిగుసుకుంటుంది. అందుకే బయటికి తీశాక ఆలస్యం చేయకుండా ఫర్నేసులో సన్నటి వేడి మీద కాచాలి. లేకపోతే పగులుతుంది. ఇది నాకు తెలియదా? బాగా తెలుసు. పెద్దాయన తొందర చూసి, పండగ ముందురోజు చలిలో పెట్టడమే నేను చేసిన బుద్ధితక్కువ పని.

పొద్దున డై తీసి బల్ల మీద పెట్టి చూస్తే, ఫర్నేసుకు అప్పటికే కుంకుమ పెట్టి చేమంతి దండ వేసేశారు. ఒక్క గంట ఆన్ చేసుకుంటానని మా ఓనర్‌ను అడిగాను.

"దండ ఏసినాక ముట్టకూడదప్పా. రేపు చూస్తాం లే" అన్నాడు.

గట్టిగా అడగాల్సింది. అడగలేదు. ఎందుకు దాచాలి, దండ తీయాలంటే నాకూ భయమే.

హారతి ఇస్తుండగా బల్ల వైపు నుంచి టక్కుమని చిన్న శబ్దం వచ్చింది. గంట మోగుతూనే ఉంది. ఎవరూ తల తిప్పలేదు. నేనూ తిప్పలేదు. ఇంకేదో అయ్యుండాలని కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను.

మర్నాడు పెద్దాయన వచ్చి, వెంట్రుకంత పగులు మీద గోరు పెట్టి చూసుకున్నాడు.

"ఉక్కులోనే ఏదో లోపం ఉండాదప్పా. కొనేటప్పుడే చూసుకోవాల్సింది" అన్నాడు.

"అవునన్నా, ఉక్కే" అన్నాను.

తమ షెడ్డు పూజ బొరుగుల పొట్లం నా చేతిలో పెట్టి, "పండగపూట కూడా నా కోసం కష్టపడితివి" అని, డై సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. దీపావళి లోపలే ఆ షెడ్డుకు తాళం పడింది. ఆ శబ్దం నేను విన్నానని ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు.