మంచు కట్టని ఫ్రీజరు

మొన్న మా కోడలు కొత్త ఫ్రిజ్జు తెప్పించి, ఇందులో మంచే కట్టదత్తయ్యా, గీకే పని లేదు అని సంబరంగా తలుపు తెరిచి చూపిస్తుంటే, బాగుందమ్మా అన్నానే గాని, అక్కడ నిలబడలేక పెరట్లోకి వచ్చేశాను.

ఆ మాట నేను మొదట విన్నది ఒడిశాలోని కోరాపుట్‌లో, ఒక ల్యాబ్‌లో చిన్న ఉద్యోగం చేసుకునే రోజుల్లో. మా అమ్మ మునిసిపాలిటీలో వీధులు ఊడ్చేది. గాజు సామాను కడగడానికి చేరిన నన్ను మా మేడమ్ చేరదీసి, గొట్టాల మీద పేర్లు రాయడం దాకా నేర్పారు. ఆవిడ పెద్దలు జయపురం సంస్థానంలో దివాన్లట, అయినా నాకు పెట్టకుండా టిఫిన్ డబ్బాలోంచి ముద్ద తినేవారు కాదు. కొండ ఊళ్ల ఆడవాళ్లతో వాళ్ల దేసియా భాషలో కబుర్లాడి, నందపూర్, లమ్తపుట్ వైపు నుంచి పాత వరి రకాలు తెచ్చేవారు. వాటి డి.ఎన్.ఏ. తునకల్ని ప్లాస్మిడ్లలో, అంటే సూక్ష్మజీవుల్లో ఉండే చిన్న డి.ఎన్.ఏ. చుట్టల్లో అతికించి, చిటికెన వేలంత గొట్టాల్లో పోసి, పదికాలాలు ఉండాలని ఫ్రీజరులో దాచేవారు. చూస్తే ఉత్త నీటి చుక్కలు. ఆవిడ పదిహేనేళ్ల కష్టమంతా ఆ చుక్కల్లోనే ఉంది.

ఫ్రీజరు గోడలకు పేరుకున్న మంచు గీకడం నా వంతు. చలికాలంలో కోరాపుట్ కుళాయి నీళ్లే కొరికేస్తాయి, ఇక ఆ మంచు సంగతి చెప్పాలా! వేళ్లు చిట్లి నెత్తురొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక, "సేత్తో అన్నం కలపలేకపోతన్నాను మేడమ్" అన్నాను. ఆవిడ నెల తిరక్కుండా పైవాళ్లతో పోట్లాడి మంచు కట్టని ఫ్రీజరు తెప్పించారు.

దాన్ని బిగించడానికి రాయగడ నుంచి వచ్చిన మెకానిక్ మన తెలుగువాడే. "రోజూ కొంతసేపు దానంతటదే ఎచ్చబడతాదమ్మీ, అందుకే మంచు కట్టదు" అని నాతో అన్నాడు. గొట్టాల్లోది పదేపదే కరిగి గడ్డకడితే డి.ఎన్.ఏ. తెగిపోతుందని మేడమ్ నాకు ఎన్నిసార్లు చెప్పారో! నాకర్థం కాలేదని ఎవరితోనైనా అంటాను గాని, మీతో అనలేను. అర్థమైంది. ఆవిడకు తెలియకుండా ఉంటుందా అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి, చెబితే పాత ఫ్రీజరే మళ్లీ నా నెత్తిన పడుతుందని నోరు మూసుకున్నాను.

రెండేళ్ల తర్వాత అవసరం పడి తీసి పరీక్షిస్తే, డి.ఎన్.ఏ. బాగుందో తెగిందో చూసే జెల్ మీద గీతలా నిలవాల్సింది పొగలా చెదిరిపోయింది. ఒకటి కాదు, వరసగా అన్నీ అంతే. మళ్లీ చేద్దామంటే ఆ వరి ఊళ్లలో వేయడమే మానేశారు, మేడమ్ నారాయణపట్న దాకా తిరిగి ఉత్త చేతులతో వచ్చారు. ఏడుస్తున్న నన్ను కూర్చోబెట్టి, "నీదేటుందమ్మీ, తప్పు నాదే, కనుక్కుని కొనాల్సింది" అని, నా వేళ్లు మానాయో లేదో తిప్పి తిప్పి చూశారు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఈ రోజుల్లో ప్లాస్మిడ్ పోయినా అంత బెంగ లేదట. ఒకటికి నాలుగు చోట్ల దాస్తారట, దాని డి.ఎన్.ఏ. అక్షరాల వరస కంప్యూటర్లో ఉంటే చాలు, కొత్తగా చేసి పంపిస్తారట. వింటే సంతోషమే, ఏడుపూ వస్తుంది. మేడమ్ పోయి చాలా ఏళ్లయింది. తప్పు తనదే అనుకుంటూ పోయారు.