దేవుడి గదిలో ఉయ్యాల

మా అత్తగారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. పరామర్శకు వచ్చినవాళ్లంతా ఆమె మడి గురించీ ఆచారం గురించీ చెప్పుకుంటున్నారు. అది నిజమే. కానీ ఆ మడిని ఆమె ఒకసారి ఎలా పక్కన పెట్టారో నేను చూశాను. ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను కలం పట్టింది అందుకే.

పదేళ్ల కిందటి మాట. మా ఊరికి కరెంటు ఇంకా రాలేదు. మా అమ్మాయి పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. పురుడు ఇంకా వెళ్లకముందే, ఊరికీ గూడూరు బాటకూ నడుమనున్న సరుగుడు తోపులు అంటుకున్నాయి. మంటలు తగ్గినా రాలిన ఆకు కింద నిప్పు రగులుతూనే ఉంది. పడమటి గాలికి పొగంతా ఊళ్లోకే. బిడ్డ పాలు తాగలేక ఎగశ్వాస పెట్టేది. ఆసుపత్రికి పోదామంటే బాట ఆ పొగలోంచే.

పొగకు పొగే విరుగుడని అత్తగారి నమ్మకం. పూటపూటకూ బిడ్డకు సాంబ్రాణి వేసేవారు.

ఆ వేసవిలో మా ఊరి బడిలో కాలేజీ పిల్లలు సేవా శిబిరం పెట్టుకుని ఉన్నారు. కబురు విని ముగ్గురు వచ్చారు. వైద్యం చదివే అమ్మాయి బిడ్డ వీపుకు చెవి ఆనించి విన్నది. వ్యవసాయం చదివే అబ్బాయి తోపు చుట్టూ కాలువ తవ్వించి ఒళ్లంతా మసితో వచ్చి, "నిప్పు ఇప్పట్లో చల్లారదు" అన్నాడు. ఇంజనీరింగు చదివే అబ్బాయి ఒక నూలుపోగు పట్టుకుని, ప్రతి గుమ్మంలో గాలి ఎటు లాగుతుందో చూస్తూ ఇల్లంతా తిరిగాడు. పోగు కదలని, పొగగాలి చొరని గుమ్మం ఒక్కటే. అది దేవుడి గది. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏంది నాయనా, మూడు చదువులోళ్లూ నోరు కట్టుకున్నారే?" అన్నారు అత్తగారు.

"బిడ్డను ఈ గదిలో ఉంచాల అవ్వా. దీపం ఉండకూడదు. సాంబ్రాణి అసలే వద్దు. పొగకు పొగ తోడే గానీ విరుగుడు కాదు" అంది వైద్యం చదివే అమ్మాయి.

"పురుడు ఇంకా పోలేదు నాయనమ్మా" అంది మా అమ్మాయి భయంగా.

అత్తగారు దేవుడి ముందుకు వెళ్లారు. తరువాత ఒక నందివర్ధనం పువ్వుతో దీపాన్ని కొండెక్కించారు. సాంబ్రాణి నిప్పుల మీద తానే నీళ్లు పోశారు.

"సామి చీకట్లో ఉండగలడు. పసిది పొగలో ఉండలేదు. రామ్మే, బిడ్డను ఎత్తుకోని రా."

దూలానికి తాడు వేసి చీర ఉయ్యాల కట్టాము. గుమ్మానికి తడి చీర వేలాడదీశాము. అది ఆరినప్పుడల్లా తడుపుతూ, రామనామం చెప్పుకుంటూ ఆమె గడప బయటే కూర్చున్నారు. మర్నాడు లోపల బిడ్డ గుటకలు వేయడం విని, "సామి గంట మోగిందే!" అని కళ్లు తుడుచుకున్నారు.

ఆ తరువాత ఎవరైనా కొడుకు చదువు గొప్పగా చెబితే, "ఒక్క చదువేనా? దానికి తోడు వద్దా?" అని నవ్వేవారు. ఏటా సున్నం వేసేవాళ్లను మాత్రం ఆ దూలం ముట్టనిచ్చేవారు కాదు.

మన ఇంట్లోవాళ్లు ఈ కాగితాలను దేవుడి గది గూట్లో దాచండి. బయట ఎవరికీ చూపించవద్దు. ఆమె ఉంటే ఒప్పుకునేవారు కాదు.

మైల కాబట్టి ఇప్పుడు ఆ గదిలో దీపం లేదు. నిన్న ఆనాటి పసిది, మా మనవరాలు, అక్కడ మునివేళ్ల మీద నిలబడి, దూలం మీది తాడు ఒరిపిడి గుర్తును అందుకోవాలని చీకట్లోకి చెయ్యి చాపుతూ ఉంది.