ఈస్టర్ మర్నాటి పోటు

సముద్రానికి కాస్త ఇవతల, మా ఊరి సరుగుడు తోట వెనక ఒక చుట్టుదారి ఉండేది. తోటలోంచి బయల్దేరి, మురుగుకాలువ గట్టు దిగి, మడ అడవి మధ్యనున్న దిబ్బ దాటి, కొంగలు వాలే చిత్తడి నేల అంచునే నడిచి మళ్ళీ అదే తోటకి చేరుకోవడం. ముసలివాళ్ళు కూడా ఆయాసపడకుండా నడవగల దూరం. డెబ్బైల్లో ఏటా ఈస్టర్ మర్నాడు మా చర్చి సంఘంలోని కుటుంబాలన్నీ ఆ చుట్టు తిరిగి వచ్చి, సరుగుడు నీడలో కలిసి భోంచేసేవాళ్ళం.

దారి సులువే గాని అందులో ఒక మెలిక ఉంది. దిబ్బకి అటొకటి, ఇటొకటి పాయలు. ఒక్కోదాని మీద ఒక్కో తాటిదుంగ. సముద్రం వెనక్కి తీసి పాటు మీదుంటే దుంగ మీద నడిచి దాటొచ్చు. పోటు ఎక్కితే దుంగ కనిపించదు. ఈ పోటూ పాటూ తిథిని బట్టి నడుస్తాయి, రోజుకి రెండు గడియలు, అంటే ముప్పావుగంట పైన, ఆలస్యంగా. నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేసినవాణ్ని. దర్జీ షాపులో వేలాడే కేలండరులో తిథులు చూసుకుంటూ, పాయలో పాతిన వెదురు మీద గాట్లు పెట్టుకుంటూ ఈ లెక్క సొంతంగా పట్టుకున్నాను. అందుకని ఏటా బయల్దేరే వేళ చెప్పే పని నాది.

ఆ యేడు మాత్రం చెప్పలేదు.

అంతకు రెండేళ్ళ ముందు మా అమ్మకి టైఫాయిడ్ వచ్చి అమలాపురం ఆసుపత్రిలో ఉంటే, చెల్లి దగ్గరుండి చూసుకుంది. మాకు మేనమామ వరసయ్యే సంఘపెద్ద ఒకాయన, కొబ్బరి వ్యాపారి, ఆ సంగతిని తిరగేశాడు. ఊపిరితిత్తుల జబ్బుతో చెల్లే ఆసుపత్రిలో పడుందని చెప్పాడు. దాంతో కుదరబోయిన సంబంధం పోయింది. ఆ పెళ్ళికొడుకు ఆయన తమ్ముడి కూతురికి దొరికాడు. ఇంటికెళ్ళి అడిగితే, "నేనెప్పుడన్నాన్రా?" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని ప్రయత్నించనూ లేదు.

ఆ ఈస్టర్‌కి రాజోలు వైపు నుంచి ఒక మాస్టారు, భార్యతో సహా మా ఊరు వచ్చారు. తమ అబ్బాయికోసం చెల్లిని చూసి వెళ్ళి నెలలయింది, జవాబు లేదు. పుకారు వాళ్ళ చెవిన కూడా పడిందన్నమాట. మావయ్య వాళ్ళని తానే భోజనాలకి పిలిచి, పొద్దుటి నుంచీ మాస్టారి పక్కన అంటుకుపోయాడు. మిగిలిన అబద్ధం కూడా చెప్పడానికేనని నాకు అర్థమైంది.

తోటలో ఎవరో నన్ను వేళ అడగబోతే మావయ్య అడ్డుపడ్డాడు.

"ఎందుకండీ ఆ లెక్కలు? ఈస్టర్ ఎప్పుడొచ్చినా పున్నమి వెనకాలే కదా. కిందటేడు ఎనిమిదింటికి దాటేం. ఈ యేడూ ఎనిమిదే. పండగ మారనప్పుడు పోటు మారిపోద్దేంటండీ?"

అది మా సంఘంవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. ఈస్టర్ పున్నమి వెనకే వస్తుంది, నిజమే. కాని మర్నాడే రావచ్చు, వారానికీ రావచ్చు. కిందటేడు వారానికి వచ్చింది. ఆ పొద్దున పాయలు ఖాళీ. ఈసారి పున్నమి మొన్ననే వెళ్ళింది. ఎనిమిదింటికి పోటు ఎక్కుతుంటుంది, అదీ పున్నమి పోటు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

"మిగతావాళ్ళంతా పిల్లల్ని తీసుకుని కొంగల వైపు వెళ్ళి అటే తిరిగొచ్చెయ్యండి. మావయ్యగారూ, మాస్టారికి మడ అడవి మీరే చూపించాలండి. నేనూ వస్తాను" అన్నాను.

"ఆయ్, పదండి మాస్టారూ!" అని ముందు నడిచాడు.

సరుగుడు పుల్లాకు కాళ్ళ కింద మెత్తగా ఉంది. గట్టు దిగితే నల్లబురద, అందులోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన మడ వేళ్ళు. ఎర్రకొండి పీతలు మా అడుగుల చప్పుడికి కన్నాల్లో దూరుతున్నాయి. మొదటి దుంగ దాటేటప్పటికే నీళ్ళు దాని పొట్ట నాకుతున్నాయి. మావయ్య కొబ్బరి ధర గురించి చెబుతూ కిందకి చూడలేదు. నేను చూశాను. దిబ్బ అవతలి అంచుకి చేరేసరికి రెండో దుంగ లేదు. వెనక్కి వచ్చాం. మొదటిదీ లేదు.

"ఏరా, దుంగేదిరా?"

"కిందుందండి."

"కిందంటే?"

"నీళ్ళ కిందండి."

ఈదొచ్చు. కాని ఒడ్డెక్కే చోట నడుంలోతు ఊబి ఉందని ఆయనకీ తెలుసు. నీళ్ళు వేళ్ళని ముంచుకుంటూ దిబ్బ పైకి పాకుతున్నాయి. మావయ్య పంచె పైకెత్తుకున్నాడు.

"ఈ దిబ్బ మునుగుద్దా?"

"ఎంతదాకా వస్తదో, ఎప్పుడు తగ్గుద్దో నాకు తెలుసండి. కాని చెప్పను. చెల్లి సంగతి మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పండి. అప్పుడు చెప్తాను."

"బెదిరిస్తున్నావేంటి?"

"వేళ చెప్పింది మీరేగా మావయ్యగారూ. నీళ్ళు నేను తేలేదండి."

మాకు కాస్త దిగువన ఎండుటాకులూ పుల్లలూ చేరి వంకర గీతలా పడి ఉన్నాయి. నిన్నటి పోటు అక్కడిదాకా వచ్చి వదిలేసిన చెత్త. నీళ్ళు దాన్ని దాటి ఎంతో పైకి రావు. మాస్టారు ఒక వేరు మీద కూర్చుని ఆ గీత వైపోసారి, నా వైపోసారి చూశారు. తర్వాత తాపీగా కాళ్ళు చాపుకున్నారు.

మావయ్య మాత్రం నీళ్ళనే చూస్తున్నాడు. అవి చెప్పుల్ని తడిపాయి.

"ఆ పిల్లకేం లేదండీ మాస్టారూ. జొరం వాళ్ళమ్మకి. నేనే ఏదో మాట తూలేను."

"తూలలేదండి. అల్లేరు."

"అల్లేనురా! ఇంక చెప్పు!"

"ఇక పెద్దగా పెరగదండి. భోజనాల వేళకి దుంగ తేలుద్ది."

అప్పటిదాకా ముగ్గురం దోమల మధ్య కూర్చున్నాం. నా జన్మలో అంత హాయిగా ఎక్కడా కూర్చోలేదు. పాటు తీశాక రెండో పాయ దాటి చిత్తడి నేల అంచున నడిచాం. కొంగలు కనిపిస్తే ఆగే అలవాటు నాది. ఆ రోజు ఆగలేదు. బురద కొట్టుకుపోయిన ఆ పంచె మీదనుంచి చూపు తిప్పబుద్ధి కాలేదు. తోట దగ్గరపడేసరికి మావయ్య అడుగులు పెద్దవి చేశాడు, ముందుగా వెళ్ళి తన పద్ధతిలో చెప్పుకోవాలని.

మాస్టారు వెనకనుంచి పిలిచారు. "ఆగండి. దిబ్బ మీద చెప్పింది అక్కడా చెప్పాలి. మా ఇంటావిడ కూడా వినాలి కదండీ."

చెప్పాడు. మోకాళ్ళదాకా బురదతో, అందరి విస్తళ్ళ ముందు నిలబడి చెప్పాడు. చెల్లి చేతిలో నీళ్ళ జగ్గుతో అంతా విని, ఆయన విస్తరి ముందు కూర్చోగానే వెళ్ళి పక్కన వంగింది.

"మంచినీళ్ళు పొయ్యమంటారా మావయ్యగారూ? పొద్దుటినుంచీ ఉప్పునీళ్ళే చూసేరంట."

తోటంతా నవ్వింది. అందరికంటే ఆఖరున ఆపింది నేనే.

మాస్టారు ఆ సాయంత్రమే సంబంధం ఖాయం చేసుకుంటామన్నారు. చెల్లి నన్ను పక్కకి పిలిచి, "జవాబివ్వకుండా మనల్ని ఎన్నాళ్ళు ఆపేరో వాళ్ళూ అన్నాళ్ళు ఆగాలన్నయ్యా" అంది. ఆగారు. ఆ తర్వాతే పెళ్ళయింది.

ఎనభైలు సగం గడిచేవరకూ, మావయ్య నడవగలిగినన్నాళ్ళూ, మేం ఆ చుట్టు తిరిగాం. ప్రతి ఈస్టర్ మర్నాడూ తోటలో అందరి మధ్యా ఆయన నా దగ్గరికి వచ్చి, "వేళెప్పుడబ్బాయ్?" అని మెల్లిగా అడిగేవాడు.

నాకు చెవులు బాగానే వినిపిస్తాయి. అయినా ఏ యేడూ ఒక్కసారికి జవాబు చెప్పలేదు.

"కాస్త గట్టిగా అడగండి మావయ్యగారూ" అనేవాణ్ని.