బట్లహళ్ళి నరసమ్మ ఫైల్లో ఎర్ర గీత

దయ్యాలు, శకునాలు నేను నమ్మను. ఇది జరిగాక కూడా నమ్మడం మొదలుపెట్టలేదు. ప్రోగ్రాములు రాయడం నా పని. తప్పు జరిగితే దాని కారణం ఏదో ఒక లైన్లో ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. పదకొండేళ్ళలో ఒక్కసారి మాత్రం దొరకలేదు.

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణిలో శాఖలున్న ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి పని అది. మూడు చోట్లా కంప్యూటర్లు వేర్వేరు కాలాల్లో పెట్టారు కాబట్టి రోగుల వివరాలు మూడు రకాల డేటాబేసుల్లో ఉండేవి. వాటిని కదపకుండా, పైన పొరలా పనిచేసే ఒక ప్రోగ్రాం రాయమన్నారు. ఏ ఊరి డేటాబేసులో ఉన్న మనిషి వివరాలనైనా ఆ పొర ఒకే తీరు ఫైలుగా డాక్టరు ముందు పెట్టాలి. ఒకే మనిషి రెండు ఊళ్ళలో చూపించుకుని ఉంటే రెండు వివరాలనూ కలపాలి. పేరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు మూడూ సరిపోతేనే కలపమని రాశాను.

చింతామణిలో మొదలుపెట్టిన రెండో రోజు నర్సు సావిత్రి నన్ను పిలిచింది. బట్లహళ్ళి నుంచి నరసమ్మ అనే ఆమె వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు, వ్యవసాయం. కాలి పుండుకు ఆ శుక్రవారం ఆపరేషన్. ఫైలు తెరిస్తే పైన ఎర్ర గీత. ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఈమెకు పడదని హెచ్చరిక.

"నాకు పడని మందే లేదు తల్లీ. చిన్నప్పట్నుంచీ సూదులు ఏయించుకుంటానే ఉండాను" అంది నరసమ్మ.

ఆ హెచ్చరిక ఎక్కడిదో వెతికాను. బాగేపల్లి డేటాబేసులో ఒక టీచరమ్మది. ఆమె వయసు ముప్పై ఒకటి. పేరు, ఊరు, ఫోను, ఏదీ నరసమ్మతో కలవదు. వేల ఫైళ్ళలో ఈ ఇద్దరినే నా పొర ఒకే మనిషి అనుకుంటోంది.

మంగళవారం నా ప్రోగ్రాం దాచుకున్న మెమరీ అంతా ఖాళీ చేశాను. గీత పోయింది. మర్నాడు పొద్దున మళ్ళీ ఉంది. బుధవారం కలిపే నియమాన్ని కొత్తగా రాశాను. పోయింది, మళ్ళీ వచ్చింది. గురువారం విసుగొచ్చి, వివరాలు కలిపే భాగాన్నే మొత్తం ఆపేశాను. ఇక రావడానికి దారే లేదు. చింతామణి డేటాబేసులో నేరుగా చూస్తే నరసమ్మకు పడని మందులు రాసే గడి ఖాళీగానే ఉంది.

శుక్రవారం ఉదయం సావిత్రి వార్డు తలుపు దగ్గరే నిలబడి ఉంది. "అక్కా, మళ్ళా వచ్చిండాది సూడు."

నాకు సిగ్గేసింది. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, అది నా ప్రోగ్రాం తప్పు, పట్టించుకోవద్దని చెప్పాను.

ఆయన తెర మీది హెచ్చరిక చదివారు. "ఎవురిదైతేనేమ్మా, పడదని రాసుండాది గదా. చుక్క మందుతో టెస్టు చేసి చూస్తాం" అన్నారు.

మోచేతి కింద చుక్క మందు ఎక్కించారు. పది నిమిషాలు కాకముందే చేయి ఎర్రగా ఉబ్బింది. పెదవులు వాచాయి. నరసమ్మ ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుంది. డాక్టరు గారు పక్కనే ఉన్నారు కాబట్టి వెంటనే విరుగుడు మందు ఇచ్చి ఆక్సిజన్ పెట్టారు. మధ్యాహ్నానికి తేరుకుంది. పూర్తి మోతాదు నరంలోకి వెళ్ళుంటే మనిషి దక్కేది కాదని డాక్టరు గారు అన్నారు.

పడిన మందు తర్వాత ఎప్పుడైనా పడకుండా పోవచ్చని కూడా ఆయనే చెప్పారు. అది అర్థమైంది. గీత సంగతే అర్థం కాలేదు. ఆ టీచరమ్మకు ఫోను చేశాను. ఆమె నిజంగానే ఆ ఇంజెక్షన్ పడని మనిషి. బట్లహళ్ళి పేరు కూడా వినలేదట.

ఆ సాయంత్రం నరసమ్మ వివరాల్లో సావిత్రి తన చేత్తో ఆ హెచ్చరిక ఎక్కించింది. ఆ తర్వాత, ఆపేసిన భాగాన్ని మళ్ళీ నడిపినా, ఆ ఇద్దరి ఫైళ్ళూ ఎప్పుడూ కలవలేదు. నేను రాసిన ప్రతి లైనూ ఇద్దరు స్నేహితులకు చూపించాను. వాళ్ళకూ ఏమీ దొరకలేదు. ఎందుకలా జరిగిందో నేను ఈరోజుకీ చెప్పలేను.

వేరే మందు ఇచ్చి ఆపరేషన్ చేశారు. నెల తర్వాత నరసమ్మ నడుచుకుంటూ వచ్చి నా బల్ల మీద సంచెడు టమాటాలు పెట్టింది. "నీ కంప్యూటరే నన్ను బతికించింది తల్లీ" అంది.

ఆ గీతను చెరిపేయడానికి మూడు రోజులు పట్టుబట్టి కూర్చున్నది నేనేనని ఆమెకు చెప్పలేకపోయాను.